పర్దాల వ్యాపారి ఇంటి కిటికీ

నాది పర్దాల బట్టల దుకాణం. నాందేడ్‌లో ఇత్వారా దిక్కు ఒక సందులో ఉండేది. మా నాయన మగ్గం మీద చద్దర్లు నేసినవాడు. నేను నేత వదిలి అమ్మకం పట్టాను. ఊళ్లో సగం ఇళ్ల కిటికీలకు నా బట్టే వేలాడుతోందని వచ్చినవాళ్లందరి ముందూ గొప్పలు పోయేవాణ్ని. ఆ మాట దేవుడి చెవిన పడిందేమో తెలియదు. నా ఇంటి కిటికీ దగ్గరికి వచ్చేసరికి నా దుకాణంలోని ఒక్క బట్ట థాను కూడా పనికి రాలేదు.

మా ఇంటి ముందు అరుగు, దాని ముందు నాలుగడుగుల జాగా ఉండేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండూ పోయాయి. దాంతో ముందుగది కిటికీ సరాసరి రోడ్డు మీదికి వచ్చింది. ఆటోవాడు బండి ఆపి, మా కిటికీ ఊచల మీద మోచెయ్యి ఆనించి చిల్లర లెక్క పెట్టుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. నా భార్యకు మాత్రం అది పండగ.

ఆమెది కుండల్‌వాడి. పుట్టిల్లు బజారు మధ్యలో ఉండటం వల్ల పోయేవాళ్లను, వచ్చేవాళ్లను చూస్తూ పెరిగిన మనిషి. అన్నం పళ్లెం ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే ఆమెకు ఇంకో కూర అక్కర్లేదు. "అగో, ఆయన కొత్త చెప్పులు కొన్నట్టున్నడు. కాళ్లే సూసుకుంట నడుస్తున్నడు, ఇప్పుడు సైకిల్‌కు తాకుతడు సూడుండ్రి" అనేది. తాకేవాడు కూడా. మాకు పిల్లల్లేరు. ఇంట్లో చప్పుడంతా ఆ కిటికీలోంచి వచ్చిందే, ఆమె నోటి మీదుగా నాకు చేరిందే.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. హైదరాబాద్ తీసుకుపోయి కోయించాం. తర్వాత సూదిమందు మొదలుపెట్టారు. రైల్లో పోవడం, ఎక్కించుకోవడం, దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ తిరిగి రావడం. రెండోసారి వెళ్లి వచ్చాక ఒక పొద్దున దువ్వెన పెడితే జుట్టు దువ్వెనతో పాటే వచ్చేసింది. ఆమె ఏడవలేదు. రాలిందంతా కొంగులో మూట కట్టుకుంది. ఆ తర్వాత నా మొహం చూడకుండా, "కిటికీ మూయుండ్రి" అంది.

మూశాను. అవి రోజుకు గంటల తరబడి కరెంటు పోయే రోజులు. నాందేడ్ ఎండ గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కిటికీ మూసి, పంకా ఆగితే ఆ గది రొట్టెలు కాల్చే భట్టీ. సూదిమందు వేడికి ఆమె ఒళ్లంతా ముందే మండిపోతోంది. కిటికీ తలుపులు తీసి పర్దా వేశాను. దుకాణంలో అన్నిటికంటే మందమైన గుడ్డ తెచ్చి వేస్తే గాలి ఆగిపోయింది, పగలే దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. పల్చటిది వేస్తే గాలికి ఎగిరి ఆమెను రోడ్డుకు చూపించేది. ముసుగు వేసుకోమంటే ఆ ఉక్కలో తల పేలిపోతోందని తీసి విసిరేసేది.

హైదరాబాద్‌లో విగ్గు కూడా చూపించారు. ఆమె దాన్ని వేలితో అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవలో తిరుపతిల దేవునికిచ్చిన మొక్కు ఇది. నేను నెత్తి మీద ఎట్ల పెట్టుకుంటా? నాకొద్దు" అని పక్కకు నెట్టేసింది.

ఆ మాట పట్టుకునే మా అత్త తప్పు చేసింది. బిడ్డకు వండి పెట్టడానికి కుండల్‌వాడి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండేది. ఇరుగుపొరుగు అడిగితే "తిరుపతిల తలనీలాలు ఇచ్చింది" అని చెప్పింది. మనవాళ్లకు చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. మనలో ముత్తైదువ గుండుతో వస్తే ప్రసాదం ఏదని అడుగుతారు తప్ప ఇంకేమీ అడగరు. కానీ మా గల్లీ అంతా మరాఠీవాళ్లు. వాళ్లలో మొగుడున్న ఆడది గుండు చేయించుకోవడం అనేది లేదు. మా అత్త మంచి మాట అనుకుని చెప్పింది, వాళ్లు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

ఒకరోజు పర్దా ఎగిరినప్పుడు గల్లీలోకి కొత్తగా వచ్చిన ఒకావిడ నా భార్యను చూసింది. వాకిట్లో ఉన్న మా అత్తను పట్టుకుని, "పాపం, మీ బిడ్డ పెనిమిటి ఎప్పుడు పోయాడు?" అని జాలిగా అడిగింది. నేను దుకాణంలో బతికే ఉన్నాను, ఎవరికో ఎనిమిది మీటర్లు కొలుస్తున్నాను. లోపలున్న ఆమె మాత్రం ఆ మాట వింది.

ఆ రోజు నుంచి గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే "ఆకలి లేదు". పాలు ఇస్తే "అక్కడ పెట్టు". అవి అక్కడే విరిగిపోయేవి. మా అత్త ముద్దలు చేసి బతిమాలేది. మధ్యలో నా వైపు తిరిగి, "అల్లుడా, మీరన్న తినుండ్రి, ఇద్దరికిద్దరు గిట్ల పడుకుంటె నేనెవలికి వండాలె?" అని కళ్లు ఒత్తుకునేది. మళ్లీ హైదరాబాద్ వెళితే రక్తపరీక్ష చూసి డాక్టరు సూది ఇవ్వనన్నాడు. ముందు తినిపించండి, ఒంట్లో రక్తం పెరిగి నిలిస్తేనే మందు, మందు ఆగితే లాభం లేదు అన్నాడు. ఈ స్థితిలో దుమ్ము పడితే ప్రాణానికే ప్రమాదం, గదిలో బట్ట పర్దాలుంటే తీసేయమని కూడా చెప్పాడు. మీరేం వ్యాపారం చేస్తారని అడిగాడు. నేను చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాను.

తిరుగు బండిలో ఉమ్రి దాటాక ఆమె కళ్లు మూసుకునే అంది. "కిటికి కాడ కూసుంటె తింటుంటి. నాకు రోడ్డు కనపడాలె, రోడ్డుకు నేను కనపడొద్దు. గసొంటిది ఏమన్న ఉంటదా మీ పర్దాలల్ల?"

అదీ ఆమె అడిగింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అడిగిన వస్తువుల్లో నేను తేలేకపోయింది లేదు. ఇది తేలేకపోతే మనిషే ఉండదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అట్లా ఉంది నా పని. బట్ట తప్ప ఇంకేమీ తెలియనివాణ్ని, డాక్టరు బట్ట వద్దన్నాక బట్ట కానిది వెతకాలి.

ముందు వెదురు చిక్ తెచ్చాను. నిజాం కాలం నుంచి ఇక్కడి ఇళ్లకు అలవాటైన తెరే. కట్టిన రోజే పుల్లల మధ్యలోంచి పసుపు పొడి రాలింది, దాని వెనకే పురుగు. మా అత్త చీపురుతో కొట్టి బయట పారేసింది. తర్వాత మా ఊళ్లోనే వజీరాబాద్ దిక్కు ఆఫీసులకు సామాను అమ్మే దుకాణానికి పోయాను. అల్యూమినియం పట్టీల బ్లైండ్స్ చూపించారు. ఒక పుల్ల తిప్పితే పట్టీలన్నీ కలిసి వంగుతాయి. సగం వంచితే లోపలివాళ్లకు బయట కనబడుతుంది, బయటివాళ్లకు లోపల కనబడదు. చూసి నా ప్రాణం లేచి వచ్చింది. నమూనా ముక్క జేబులో వేసుకుని ఇంటికి పరుగెత్తాను. ఆమె ఇటు తిరిగి ఒక్క చూపు చూసింది.

"గిదే ఉండె గద దవాఖానల. సూది ఎక్కించే రూముల. నా కండ్ల ముంగట అది కట్టకుండ్రి" అని మళ్లీ గోడ వైపు తిరిగింది. మా అత్త బకెట్ తీసుకుని వచ్చింది. ఆ ముక్క చూసినందుకే వాంతి అయింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. రోడ్డు మీద, ఎండ మీద, పెనిమిటి ఎప్పుడు పోయాడని అడిగిన ఆ ఆడమనిషి మీద. దేవుడి గూటి ముందు నిలబడి తిట్టాను. మనిషి గోడకు తిరిగి చచ్చిపోతుంటే నీకు నైవేద్యం కావాల్సి వచ్చిందా అన్నాను. మా అత్త చెవులు మూసుకుంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆ దుకాణానికే వెళ్లి, దవాఖానలా కనిపించనిది ఏదైనా ఉంటే చూపించమని బల్ల మీద గుద్దాను.

దుకాణదారు ఒక లావుపాటి పుస్తకం తీశాడు. అందులో పేజీలకు బదులు పట్టీల ముక్కలు. కట్టెవి ఉన్నాయి గానీ తడి తగిలితే వంకర పోతాయన్నాడు. మాకేమో దుమ్ము పడకుండా రోజూ మందునీళ్లతో తుడవాలి. ఇంకో రకం ఉంది. చూడటానికి కట్టె, లోపల ప్లాస్టిక్. టేకు రంగు, శీసం రంగు, ముదురు గోధుమ, తెలుపు, వాటి మీద కట్టె చార కూడా దింపాడు చేసినవాడెవడో. నీళ్లు పోసి కడిగినా ఏమీ కాదు, పురుగు ముట్టదు. పుస్తకం ఇంటికి తీసుకుపోతానంటే ఆయన ఇవ్వనన్నాడు. చేతులు పట్టుకున్నాను. నా మొహం చూసి ఏమనుకున్నాడో, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆమె మంచం మీద పుస్తకం తెరిచి పెట్టాను. మొదట కదల్లేదు. కొంతసేపటికి చెయ్యి ఒకటే వెనక్కి వచ్చి ముక్కలను తడిమింది. గోటితో కొట్టి చూసింది.

"కట్టె కాదు" అంది.

"కాదే. కట్టె లెక్క చేసింది. ఉత్తుత్తదే."

"విగ్గు లెక్కనా?"

ఇదీ పోయింది అనుకున్నాను. ఆమె ఇటు తిరిగి, ముక్కలన్నీ ఒక్కొక్కటే చూసి, టేకు రంగు దగ్గర ఆగింది. "మా నాయిన దుకాణం తలుపులు గీ రంగే ఉండె. దీన్ల ఎవ్వలి జుట్టు లేదు, ఎవ్వలి మొక్కు లేదు. ఇదే తెప్పియ్యుండ్రి" అంది.

దుకాణదారు కొలతకు మనిషిని పంపుతానన్నాడు. ముప్పొద్దులా కిటికీలు కొలిచి బతికినవాణ్ని, నాకే కొలత నేర్పుతావా అని కసురుకున్నాను. టేపు తీసి నేనే కొలిచి, చెప్పేసి వచ్చాను. సరుకు ఔరంగాబాద్ నుంచి పార్సిల్లో రావాలి. అది ఎంతకీ రాలేదు. బస్సు ఆఫీసులో పార్సిళ్లు దించే వేళకు రోజూ వెళ్లి నిలబడేవాణ్ని. ఎవరెవరివో టైర్లు, బల్బుల పెట్టెలు, కోడిపిల్లలు. ఇంటికి వచ్చి గడపలో చెప్పులు విడుస్తుంటే మా అత్త నా చేతుల వైపు చూసేది. నా భార్య చూసేది కాదు. ఆమె భుజం ఎముక చీర మడతలో మేకులా పొడుచుకుని కనబడేది. హైదరాబాద్ పోవాల్సిన రోజు దగ్గరికి వస్తోంది. రక్తం నిలవకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు, చెప్పిందాన్ని నేను మా అత్తకు చెప్పలేదు.

చివరికి వచ్చింది. పొడుగాటి అట్టపెట్టెను ఆటోలో అడ్డంగా పెట్టుకుని, సగం బయటికి వేలాడేస్తూ తెచ్చాను. నేనూ, దుకాణదారు పంపిన బిగించే మనిషీ కలిసి కిటికీ గూట్లో పెట్టబోయాం. పట్టలేదు. రెండు వైపులా కలిపి నాలుగు వేళ్లు ఎక్కువ ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది. బట్ట కొలిచే చెయ్యి నాది. కుచ్చుకింత, మడతకింత అని అటూ ఇటూ రెండు వేళ్ల కొసరు కలపనిదే నా నోట్లోంచి కొలత రాదు. పట్టీలకు కుచ్చులుండవని, గూడెంతో అంతే చెప్పాలని తెలిసి కూడా, టేపు పట్టుకోగానే నోరు దాని అలవాటు అది చేసింది. మళ్లీ చేయించాలంటే మళ్లీ ఔరంగాబాద్, మళ్లీ పార్సిలు. అంతవరకు ఆమె ఉండాలిగా. నేను ఆ అట్టపెట్టె పక్కనే నేల మీద కూలబడి ఏడ్చాను. బిగించే మనిషి స్క్రూలు జేబులో వేసుకుని బయటికి పోయి నిలబడ్డాడు.

మంచం మీంచి ఒక చప్పుడు వచ్చింది. దగ్గు అనుకున్నాను. నవ్వు.

"కొసరు ఏసి చెప్పిన్రా?" అంది. "బట్టలోళ్ల బుద్ధి యాడికి పోతది! కుచ్చులు పెట్టుండ్రి ఇగ దానికి." నవ్వడానికి కూడా బలం లేక ఆయాసపడింది. "లోపల పట్టకుంటె గోడ మీదనే కొట్టుండ్రి. గూటి బయట. తోరణం కట్టమా? గట్ల. నాలుగు వేళ్లు ఎక్కువున్నయని ఏడుస్తున్నరు గని, సందుల కెల్లి ఎవ్వలు సూడకుంట అదే అడ్డముంటది."

గోడకే బిగించాం. పక్క సందులు కూడా లేకుండా కప్పింది. పుల్ల తిప్పి పట్టీలు సగం వంచితే గదిలోకి చారలు చారలుగా వెలుతురు, గాలి వచ్చాయి. ఆమెను ఎత్తుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. బరువు లేదు. చాలాసేపు బయటికి చూసింది. "ఆటోల ఎనిమిది మంది కూసున్నరు, డ్రైవరు ఎవలి ఒళ్లె కూసున్నడో" అంది. మా అత్త పరుగున పెరుగన్నం తెచ్చింది. నాలుగు ముద్దలు తింది. నేను వంటింట్లోకి పోయి మొహం కడుక్కున్నాను.

అయితే గల్లీ సంగతి నేను మరిచిపోయాను. మా గల్లీలో ఎవరింటికి కొత్త సామాను వచ్చినా చూడటానికి అందరూ వస్తారు. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి. ఫ్రిజ్ వచ్చినా అంతే, కుక్కర్ వచ్చినా అంతే. కిటికీకి కట్టె పట్టీలు పెట్టించుకున్న ఇల్లు మా దిక్కున అదే మొదటిది. మర్నాటికల్లా పోయేవాళ్లు ఆగి చూడటం మొదలుపెట్టారు. మోచెయ్యి ఆనించే ఆటోవాడు పట్టీల మధ్య వేలు దూర్చి, కట్టెనా కాదా అని గీకి చూశాడు. ఆమెను దాచడానికి నేను తెచ్చిన వస్తువే రోడ్డుమీది కళ్లన్నిటినీ ఆ కిటికీకి తెచ్చి అతికించింది. ఆమె కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. మర్నాడు ఇంకొంచెం. తినే ముద్దలు మళ్లీ తగ్గాయి.

ఎదురింట్లో ఒక ముసలమ్మ ఉండేది. పురోహితుల ఇల్లు. ఎప్పుడో భర్త పోయిన మనిషి. గల్లీ అంతా ఆజీ, అంటే అవ్వ, అనేవాళ్లం. ఆజీ కూడా చూడటానికి వచ్చింది. మా అత్త గుమ్మంలో అడ్డం నిలబడి పడుకుందని చెప్పబోయింది గానీ, ఆజీ ఎవరు అడ్డం నిలబడ్డా ఆగే మనిషి కాదు. లోపలికి వచ్చేసింది. నా భార్య ముసుగు కోసం చుట్టూ వెతికింది. అందలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

ఆజీ ఆ తల వైపు చూసింది, పట్టీల వైపు చూసింది, మళ్లీ తల వైపు చూసింది. "అగ బాయీ, అయ్యో తల్లీ" అంది. కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. నా భార్య మరాఠీలోనే, "తిరుపతి కాదు ఆజీ. రోగం. మా ఆయన బతికే ఉన్నాడు" అంది.

"తెలుసు. రోజూ దుకాణానికి పోతుంటే చూస్తూనే ఉన్నా కదా" అంది ఆజీ. పట్టీలను చేత్తో తట్టింది. "మా అవ్వ గుర్తుకొచ్చింది. చిన్నప్పుడే భర్త పోయాడు. గుండు చేసి ముందుగదిలో చిక్ వెనక కూర్చోబెట్టారు. ఆమె అందరినీ చూసేది, ఆమెను ఎవరూ చూడలేదు. నేను అన్నం గిన్నె చిక్ కిందనుంచి లోపలికి తోసేదాన్ని. చచ్చేదాకా అట్లే కూర్చుంది."

ఆజీ మాటలో నింద లేదు, గుర్తుకొచ్చింది చెప్పింది. నా భార్య తల మీది చేతులు కిందికి దించింది. నా వైపు తిరిగింది.

"తాడు గుంజుండ్రి."

"ఏందే?"

"పైకి ఎత్తుండ్రి దాన్ని. మొత్తం."

"బయట బడి పోరలు పోతున్నరు. అందరు సూస్తరు."

"సూడనియ్యుండ్రి. నేనేం దొంగతనం జేసిన్నా? నా పెనిమిటి సచ్చిపోయిండా? నిండ మునిగినంక సలేంది?"

గుంజాను. ఎంత తిరిగి, ఎవరెవరి చేతులు పట్టుకుని తెచ్చిన పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కిటికీ పైన కట్టలా కూర్చున్నాయి. మధ్యాహ్నపు వెలుతురంతా ఆమె తల మీద పడింది. బడి నుంచి వచ్చే ఆడపిల్లలు ఆగిపోయారు. ఆటోవాడు మోచెయ్యి తీసేశాడు. ఆమె కుర్చీ ఇంకొంచెం ముందుకే జరుపుకుంది. ఆజీ లేచి, ఆమె బోడితల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమిరింది. జుట్టు పోయినప్పటి నుంచి డాక్టర్లు తప్ప ఆ తలను ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా.

ఆజీ పోయాక నేను చెయ్యి పెట్టాను. కిటికీలో, రోడ్డంతా చూస్తుండగా. మా ఊళ్లో మొగుడూ పెళ్లాం అట్లా నిలబడరు. ఆమె తల పసిపిల్లల తలలా మెత్తగా, వేడిగా ఉంది. ఆమె చెయ్యి తీయమనలేదు. "అమ్మా, అన్నం వెట్టు" అంది లోపలికి చూసి.

ఆ సారి రక్తం నిలిచింది. సూదులన్నీ అయ్యాయి. జుట్టు కూడా వచ్చింది, ఉంగరాలు తిరిగి. ఇంకొన్ని ఏళ్లు రోడ్డును చూస్తూ, ఎవరి చెప్పులు కొత్తవో నాకు చెబుతూ అన్నం తిన్నది. తర్వాత రోగం తిరిగి వచ్చింది, అప్పుడు ఏ కిటికీ ఆమెను ఆపలేకపోయింది.

ఆ పట్టీలు ఇప్పటికీ పైకి ఎత్తే ఉన్నాయి. ఎండ కొడుతోంది, దించుకోవచ్చు కదా అంటారు వచ్చినవాళ్లు. నేను దించలేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చుంటాను. రోడ్డు మీద ఎవరో కొత్త చెప్పులు వేసుకుని పోతుంటారు, చెప్పడానికి పక్కకు తిరుగుతాను.